అరటిపండులో మాత్ర

సాయంత్రం నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే మా అత్తగారు అడిగే మొదటి మాట, "వాడు తిన్నాడా?"

నేను తిన్నానా అని కాదు. పొద్దున్నించీ నిలబడి కాళ్ళు పీక్కుపోతున్న కోడలు ఎదురుగా ఉండగా, ఆవిడ అడిగేది పోయిన కొడుకు గురించి. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత "తిన్నాడత్తయ్యా" అనేసి మొహం కడుక్కోవడానికి వెళ్ళిపోవడం అలవాటైంది. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. ఆదివారం కూడా మినహాయింపు లేదు, ఎందుకంటే కణాలకు ఆదివారం తెలీదు.

వాడంటే మా మరిది. ఇంట్లో అందరికీ చిన్నోడు. ఒంట్లో కండరాలు ఒక్కొక్కటిగా మాట వినడం మానేసే జబ్బు అతనిది. ముందు కాళ్ళు, తర్వాత చేతులు, చివరికి ఊపిరి. అతను బతికుండగానే చేతి మీద నుంచి గోరంత చర్మం తీసి మా ల్యాబుకి ఇచ్చారు. మనిషి పోయాడు గానీ, ఆ చర్మంలోని కణాలు ఒంటి వేడిలో ఉండే పెట్టెలో, ప్లేట్ల అడుగున అంటుకుని, పెరుగుతూనే ఉన్నాయి. వాటికి ఎర్రటి పోషక ద్రవం మార్చడాన్ని ల్యాబులో మేమంతా తిండి పెట్టడం అంటాం. ఆ మాట ఒకరోజు ఇంట్లో నా నోరు జారింది. అంతే, పట్టుకుంది ఆవిడ.

మా అత్తగారు అమాయకురాలేం కాదు. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పి చెప్పి రిటైరైన మనిషి. "అత్తయ్యా, అది చిన్నోడు కాదు, చిన్నోడి చర్మం" అని ఒకసారి చెప్పబోయాను. "ఆ మాత్రం నాకు తెలీదా అమ్మాయ్. అడిగితే నీ సొమ్మేం పోయింది?" అంది. నిజమే, ఏం పోయింది. అప్పట్నుంచి నోరు మూసుకున్నాను.

మా పని గురించి కూడా చెప్పాలి. చూసేవాళ్ళకి అదేదో మంత్రవిద్యలా ఉంటుంది, చేసేవాళ్ళకి అంట్లు తోమినట్టు ఉంటుంది. చిన్నోడి జబ్బుకి కారణం ఒకే ఒక్క చెడిపోయిన జన్యువు. దాని మంచి నకలు తయారుచేసి కణం లోపలికి పంపాలి. పంపితే కణం బాగుపడుతుందేమో చూడాలి. అంతే చదువు. కానీ కణం ఊరికే రానివ్వదు. చుట్టూ పొర పెట్టుకుని, పరాయిది ఏదొచ్చినా అనుమానంగా చూస్తుంది. అందుకని ఆ జన్యువుని కంటికి కనిపించనంత చిన్న కొవ్వు బొట్టులో చుట్టి పెడతాం. కొవ్వంటే కణానికి ఇష్టం. తనదే అనుకుని లోపలికి తీసుకుంటుంది. లోపల జన్యువు విడివడి తన పని మొదలుపెట్టాలి. మొదలుపెట్టిందో లేదో తెలియడానికి దాని వెంట ఇంకో జన్యువుని కూడా పంపుతాం. అది పనిచేస్తే, నీలికాంతి వేసినప్పుడు కణం ఆకుపచ్చగా వెలుగుతుంది.

చిన్నోడు బతికున్న రోజుల్లో ఈ సంగతంతా వంటింట్లో చెప్పాను. అతను చక్రాల కుర్చీలో, ఒడిలో దుప్పటి కప్పుకుని వింటున్నాడు. మా అత్తగారు వెంటనే అంది, "ఓస్, ఇంతేనా. అరటిపండులో మాత్ర పెట్టడం."

చిన్నోడు నవ్వాడు. ఆ నవ్వుకి ఒక కథ ఉంది. చిన్నప్పుడు అతనికి మాత్ర మింగించడం ఇంటిల్లిపాదికీ ఒక యుద్ధమట. అరటిపండు ముక్కలో మాత్ర గుచ్చి పెట్టేవారట. పండంతా చక్కగా తిని, మాత్రని మాత్రం బుగ్గన దాచి, తల్లి అటు తిరగ్గానే మంచం వెనక ఉమ్మేసేవాడట. ఇల్లు మారినప్పుడు మంచం జరిపితే గోడవారన మాత్రలన్నీ వరసగా బయటపడ్డాయట.

"చేదుని తీపిలో దాచడం మోసం కదా వదినా," అన్నాడు చిన్నోడు. "మోసం చేస్తే ఉమ్మేస్తారు మరి."

అతని కణాలూ అంతే. కొవ్వు బొట్టుని తినేవి, లోపలి జన్యువుని పక్కన పడేసేవి. గది లైట్లు ఆర్పి, మైక్రోస్కోపులో నీలికాంతి వేసి చూస్తే ఒకటే చీకటి. కొవ్వు మోతాదు మార్చాం, చీకటి. జన్యువు మోతాదు మార్చాం, చీకటి. ఒకసారి ఎక్కువ వేస్తే కణాలే చచ్చాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు. ఏళ్ళ తరబడి నా ఉద్యోగం చీకటి చూడటమే. ఇంటికెళ్తే చిన్నోడు అడిగేవాడు, "నా వాళ్ళేమంటున్నారు వదినా?"

"నీలాగే ఉన్నాయి."

"అంటే అందంగానా?"

"మొండిగా."

"వంశం అలాంటిది. మా అన్నయ్యని చేసుకునే ముందు కనుక్కోవాల్సింది."

తర్వాత అతనికి ఊపిరి కష్టమైంది. ఆస్పత్రిలో పెట్టారు. మా ఆయనకి ఊరు ఊరూ తిరిగే ఉద్యోగం, అత్తగారు ఒక్కతే చూసుకోలేదు. నేను సెలవు పెట్టి కొన్ని వారాలు ఆస్పత్రిలోనే ఉన్నాను. వెళ్ళేముందు కణాలని పక్క బల్ల అబ్బాయికి అప్పగించాను. అబ్బాయంటే పెళ్ళై బిడ్డ కూడా ఉన్నవాడే. ఎప్పుడూ ఏదో మర్చిపోయినవాడిలా గబగబా నడుస్తాడని ల్యాబులో అందరూ హడావుడి అంటారు. అలా పిలిచినా పలుకుతాడు పాపం. నన్ను అక్కా అంటాడు.

చిన్నోడు పోయాడు. ఇల్లు సర్దుకున్నాక, అంటే సర్దుకున్నట్టు అందరం నటించడం మొదలుపెట్టాక, నేను మళ్ళీ ల్యాబుకి వెళ్ళాను. కణాలు బాగున్నాయి. బాగుండటం కాదు, విరగబడి పెరుగుతున్నాయి. సాయంత్రం ఎర్రగా పోసిన ద్రవం పొద్దున్నకల్లా పసుపుపచ్చ అవుతోంది. ఉన్న తిండంతా తినేశాయని దానర్థం. ఇంటికొచ్చి అత్తగారితో అన్నాను, "ఈ మధ్య బాగా తింటున్నాడత్తయ్యా."

"తిననీ," అంది ఆవిడ. "మంచం మీద ఉన్నన్నాళ్ళూ నాలుగు మెతుకులు కూడా సరిగ్గా తినలేదు."

కొన్ని నెలలకి, నాకే నమ్మకం లేకుండా, మళ్ళీ ఒకసారి జన్యువు పెట్టి చూశాను. మర్నాడు లైట్లు ఆర్పి కళ్ళు ఆనించాను. ప్లేటంతా పచ్చదనం. ఒక కణమా రెండు కణాలా, సగానికి పైగా వెలుగుతున్నాయి. హడావుడిని కేకేశాను. అతను వచ్చి చూసి బయటికి పరిగెత్తాడు. కాసేపటికి మా ల్యాబు పెద్దాయన వచ్చారు. ఆయన మోకాళ్ళ నొప్పితో ఎప్పుడూ మెల్లగా నడుస్తారు, ఆ రోజు నొప్పి గుర్తున్నట్టు లేదు. "ఎన్నాళ్ళకమ్మా" అన్నారు. అందరికీ స్వీట్లు తెప్పించారు.

ఆ సాయంత్రం అత్తగారు ప్రశ్న అడక్కముందే చెప్పాను. "అత్తయ్యా, ఇవాళ మాత్ర మింగాడు."

ఆవిడ చేతిలో పని పక్కన పెట్టింది. తర్వాత ఫోను తీసుకుంది. వరసగా చుట్టాలందరికీ చేసింది. ఆడపడుచుకి, తోడికోడలికి, ఎప్పుడో మాటలు మానేసిన పిన్నికి కూడా. "మా చిన్నోడు మందు తీసుకున్నాడు. ముందు ముందు ఇంకెవరి పిల్లలకైనా పనికొస్తుందట" అని చెప్పింది. నేను పక్కగదిలోంచి వింటున్నాను. ఆ రాత్రి ఆవిడ కడుపునిండా తిని పడుకుంది. చిన్నోడు పోయాక ఆవిడ రెండోసారి వడ్డించుకోవడం అదే మొదలు. నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు, నా పెళ్ళిలో కూడా.

అనుమానం ఆ తర్వాతే వచ్చింది. కణాలకి ఒక పద్ధతి ఉంది. చర్మం నుంచి తీసిన కణాలు ఎల్లకాలం పెరగవు. కొన్నిసార్లు రెట్టింపై, మెల్లగా ముసలివై, ఆగిపోతాయి. చిన్నోడివి ఆగాల్సిన వేళ దాటిపోయింది. ఆగలేదు సరికదా జోరు పెంచాయి. ఆకారం కూడా తేడాగా ఉంది. అతని కణాలు సన్నగా, పొడుగ్గా, ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా దువ్విన జుట్టులా ఉండేవి. ఇప్పుడున్నవి బండగా, పలకలు పేర్చినట్టు ఉన్నాయి. చూస్తూనే ఉన్నాను. మందు ప్రభావం అనుకున్నాను. అలసిపోయిన మనిషికి మంచి కబురు చెబితే ప్రశ్నలు వెయ్యదు. కానీ ఒకరోజు పచ్చగా వెలిగే ఆ ప్లేటు చూస్తుంటే, చిన్నోడి మాట గుర్తొచ్చింది. ఉమ్మేస్తారు మరి, అన్నాడు కదా. ఇంత బుద్ధిగా మింగుతున్నది ఎవరు?

హడావుడిని పిలిచాను. "నేను లేనప్పుడు మా కణాలకి తిండి ఏ సీసాలోంచి పెట్టావ్?"

మా పనిలో ఒక నియమం ఉంది. ఒక్కో జాతి కణాలకి ఒక్కో సీసా. ఎంత తొందరలో ఉన్నా ఒకదానిది ఇంకోదానికి వాడకూడదు. ద్రవం పీల్చి పోసే పిపెట్ కొనన ఒక్క కణం అంటుకుని సీసాలోకి పడినా చాలు. ఎంగిలి గరిటె పచ్చడి జాడీలో పెట్టడం లాంటిది. హడావుడి తన బల్ల మీద పెంచే జాతి, ఎప్పుడో ఎవరో ఒక ఆడమనిషి కణితి నుంచి తీసింది. ఏళ్ళుగా ఎక్కడపడితే అక్కడ పెరుగుతుంది, ఏం పెట్టినా తింటుంది, ఏ జన్యువు ఇచ్చినా పుచ్చుకుంటుంది. అలాంటిది ఒక్కటి చేరినా, మెల్లగా నడిచేవాళ్ళని తోసుకుంటూ ప్లేటంతా తనే ఆక్రమిస్తుంది. ఏకు మేకవడానికి వారాలు చాలు.

అతను బల్ల అంచు గోకాడు. "సరుకు రావడం లేటైందక్కా. ఒక్క సీసానే మిగిలింది. రెంటికీ దాంట్లోంచే పోశాను. జాగ్రత్తగానే పోశాను. అప్పుడు పాపకి జ్వరం, ఇద్దరి పనీ నా మీదే..."

తిడదామని నోరు తెరిచాను. నాకు తిట్లు బాగానే వచ్చు, మా ఆయన్ని అడగండి. కానీ అతని కళ్ళ కింద నలుపు చూసి నోరు మూసుకున్నాను. నేను ఆస్పత్రిలో చిన్నోడి మంచం పక్కన కూర్చుని అతని ఊపిరి చూస్తున్న ఆ వారాల్లోనే, ఇక్కడ ఈ ప్లేట్లలో కూడా అతను పోతున్నాడన్నమాట. అక్కడా ఆపలేకపోయాను, ఇక్కడా ఆపలేకపోయాను. ఎవరిని తిడితే ఏం లాభం.

పెద్దాయన ముందు "అనుమానం పెనుభూతం అమ్మా" అన్నారు. తర్వాత ప్లేటు చూసి, చాలాసేపు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పరీక్ష చేయిద్దాం. పోల్చడానికి ఆ అబ్బాయి రక్తం ఏమైనా ఉందా?" అని అడిగారు. లేదు. ఆస్పత్రి వాళ్ళు ఎప్పుడో పారేశారు. ఇక మిగిలింది కన్నవాళ్ళు. మామగారు లేరు. మా ఆయన నోట్లో దూదిపుల్ల తిప్పి తీసినా కొంత తెలుస్తుంది గానీ, అన్నదమ్ముల పోలిక అటూ ఇటూగా ఉంటుంది. తల్లిదైతే ఖాయంగా సగం. అంటే మా అత్తగారి నోరు తెరిపించాలి. తెరిపించాలంటే ఎందుకో చెప్పాలి.

బస్సులో దారి పొడుగునా అబద్ధాలు అల్లుకుంటూ వచ్చాను. ఏదో సర్వే అని, పళ్ళ పరీక్ష అని. గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే ఆవిడ బీన్స్ తుంచుతూ తలెత్తి, "వాడు తిన్నాడా?" అంది. అల్లిన అబద్ధాలన్నీ ఒక్కసారే ఊడిపోయాయి.

ఎదురుగా కూర్చున్నాను. "అత్తయ్యా, ఒక మాట చెప్పాలి. పెట్టెలో ఉన్నవి చిన్నోడివో కాదో నాకు తెలీడం లేదు."

మొత్తం చెప్పాను. సీసా సంగతి, ఆకారం సంగతి. ఆవిడ బీన్స్ తుంచడం ఆపలేదు. నేను చెప్పడం అయ్యాక, చేతులు తుడుచుకుని నోరు తెరిచింది. దూది చుట్టిన పుల్లతో బుగ్గ లోపల మెల్లగా రాశాను. పుల్ల సరిగ్గా ఆనడానికి ఆవిడే నా మణికట్టు పట్టుకుంది. తర్వాత పుల్లకేసి చూసి, "ఇంత చిన్నదాంట్లో నేనుంటానా?" అంది.

ఫలితం రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. పోలిక లేదు. సగం కాదు కదా, పిసరంత కూడా లేదు. పెట్టెలో ఉన్నది ఆడమనిషి.

ఆ సంగతి ఇంట్లో చెప్పిన సాయంత్రం ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, నేనూ ఏడ్చేదాన్ని. "అయితే ఇన్నాళ్ళూ ఎవరికి పెడుతున్నావమ్మాయ్?" అని అడిగింది.

"ఎవరో ఆవిడకి."

"ఎప్పటి మనిషి?"

"తెలీదు. ఎప్పుడో పోయి ఉంటుంది."

ఆవిడ తలూపింది. "ఆవిడకీ ఎవరో ఉండే ఉంటారులే. పెట్టింది పెట్టావ్. తప్పేం లేదు."

తర్వాత ఫోను తీసుకుంది. నేను వద్దన్నాను. "చెప్పింది నేనేగా, కాదని కూడా నేనే చెప్పాలి" అంది. మళ్ళీ ఆడపడుచుకి, తోడికోడలికి, మాటలు మానేసిన పిన్నికి. ప్రతి ఫోనులోనూ అదే మాట, గొంతు హెచ్చుతగ్గులు లేకుండా. "అది మావాడు కాదట. పొరపాటు జరిగిందట. ఎవరి తప్పూ లేదట." నేను పక్కగదిలో తలుపు చేరేసుకుని చెవులు మూసుకున్నాను.

మర్నాటి నుంచి ఆవిడ ప్రశ్న మానేసింది. చెప్పులు విడుస్తుంటే, "వచ్చావా" అనేది, అంతే. ఒకప్పుడు ఏ ప్రశ్న వింటే ఒళ్ళు మండేదో, ఆ ప్రశ్న లేక గుమ్మంలో కాసేపు ఊరికే నిలబడేదాన్ని. ల్యాబులో పెద్దాయన ఫలితాలన్నీ వెనక్కి తీసుకున్నారు. స్వీట్లు తిన్నవాళ్ళెవరూ కళ్ళెత్తి చూసుకోలేదు. హడావుడి మెల్లగా నడవడం మొదలుపెట్టాడు, అది చూడటం ఇంకా కష్టం. నాకు రోజూ నిద్రలేవడమే ఒక పనిగా ఉండేది.

కణాలని మేము కొన్ని కొన్ని చిటికెన వేలంత గొట్టాల్లో పోసి, ద్రవ నైట్రోజన్ ట్యాంకులో దాస్తాం. ఆ చలిలో అవి పెరగవు, చావవు. చిన్నోడివి ఉన్నవన్నీ ఒక్కొక్కటీ తీసి చూశాను. అన్నీ సీసా కలిసిన తర్వాత దాచినవే. అన్నిట్లోనూ ఆ పరాయి ఆవిడే. ట్యాంకు అడుగున, వేరే అరలో, ఒక్క గొట్టం మాత్రం మిగిలింది. మొదట్లో, చిన్నోడు ఇంకా చేత్తో చెంచా పట్టుకోగలిగిన రోజుల్లో నేనే దాచింది. దాని మీద రాత నాదే.

"తొందరపడకమ్మా," అన్నారు పెద్దాయన. "ఉన్నది ఒక్కటే. మధ్యలో ఒకసారి ట్యాంకులో నైట్రోజన్ తగ్గిపోయింది, గుర్తుందా? లోపల ఏం మిగిలిందో చెప్పలేం. తీసి కరిగిస్తే బతకొచ్చు, మొత్తం పోవచ్చు. మళ్ళీ తెచ్చుకుందామంటే మనిషి లేడు. ఇంట్లో పెద్దావిడని అడుగు. ఆవిడ ఉంచమంటే ఉంచేద్దాం."

ఉంచేస్తే పోయేదేం లేదు. ఒక గొట్టంలో చిన్నోడు ఉన్నాడని ఎప్పటికీ అనుకుంటూ ఉండొచ్చు. నాకైతే అదే నయమనిపించింది. ఇంకోసారి ఆవిడకి చావు కబురు చెప్పే ఓపిక నాకు లేదు. ఆ మాటే ఆవిడతో అన్నాను, దాచకుండా.

అత్తగారు దుప్పట్లు మడతపెడుతోంది. చిన్నోడి మంచం మీదివి. ఇంకా ప్రతి వారం ఉతుకుతుంది. చేతిలో దుప్పటి అలాగే పట్టుకుని, "అక్కడ బాగా చలి అన్నావు కదా?" అంది.

"మామూలు చలి కాదు."

"వాడు చలికి ఆగలేడమ్మాయ్. ఎండాకాలం కూడా రెండు దుప్పట్లు కప్పేదాన్ని." దుప్పటి మడత పూర్తిచేసింది. "తీసెయ్. ఉంటే ఉంటాడు. పోతే, ఒకసారి పోయినవాడేగా. అక్కడ ఉన్నాడో లేడో తెలీకుండా నేను ఉండలేను."

కరిగించిన రోజు ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. కొత్త సీసా, కొత్త పిపెట్లు, తుడిచిన పెట్టె. గోరువెచ్చటి నీళ్ళలో గొట్టాన్ని తిప్పుతూ, మంచు పలక చిన్న బియ్యపుగింజంత అయ్యేదాకా చూసి, ప్లేటులో పోశాను. మర్నాడు చూస్తే అన్నీ తేలుతున్నాయి. తేలేవి చచ్చినవి. బతికున్నది అడుగుకి అంటుకుంటుంది. ఆ తర్వాతి రోజూ అంతే. హడావుడి దూరంగా నిలబడి అడిగాడు, "ఏమైనా ఉన్నాయా అక్కా?" నేను తల అడ్డంగా ఊపాను.

అయినా ప్లేటు పారెయ్యలేదు. ఆశ అని కాదు, పారెయ్యడానికి చేతులు రాలేదు. తేలేవాటిని తీసేసి, కొత్త ద్రవం పోసి, పెట్టెలో పెట్టి వచ్చేదాన్ని. అలా వెతుకుతూ వెతుకుతూ ఉండగా ఒకరోజు, ప్లేటు అంచున, ఒక మూలకి నక్కి, సన్నటి పొడుగాటి కణం ఒకటి కనిపించింది. దాని పక్కన ఇంకొకటి. కాస్త దూరంలో రెండు. ఇంత పెద్ద ప్లేటులో పోయి పోయి అంచున దాక్కున్నాయి. మూల మంచం తప్ప ఇంకెక్కడా పడుకోని మనిషి గుర్తొచ్చాడు. ఇంట్లో ఏమీ చెప్పలేదు. అప్పుడే చెప్పకూడదనుకున్నాను. ఒకసారి చెప్పి చేసిన నిర్వాకం చాలు.

అవి పెరగడానికి వారాలు పట్టింది. అంత నత్తనడక నేనెప్పుడూ చూడలేదు, అంత ఓపిక నాకెప్పుడూ లేదు. కాసిని పెరిగాక కొన్ని పోలిక పరీక్షకి పంపాను. కొన్ని మళ్ళీ చలిలో దాచాను. ఒక చిన్న ప్లేటుకి సరిపడా మిగిలాయి. దానికి జన్యువు పెట్టాను. పక్కనే ఆ పరాయి ఆవిడ ప్లేటు ఒకటి పెట్టి, దానికీ అదే కొవ్వు, అదే జన్యువు, అదే మోతాదు.

మర్నాడు లైట్లు ఆర్పాను. ముందు ఆవిడ ప్లేటు. ఎప్పట్లాగే పచ్చగా, పిలిస్తే పలికినట్టు, వెలుగుతోంది. అది తీసి రెండోది పెట్టాను.

చీకటి.

ప్లేటుని ఆ మూల నుంచి ఈ మూల దాకా జరిపాను. ఒక్క మిణుకు లేదు. మామూలు లైటు వేసి చూశాను. కణాలు నిక్షేపంగా ఉన్నాయి. సన్నగా, పొడుగ్గా, దువ్విన జుట్టులా. వాటి లోపల చిన్న చిన్న చుక్కలు, మింగిన కొవ్వు బొట్లు. తిండి తిన్నాయి. జన్యువుని పక్కన పెట్టాయి. మళ్ళీ లైటు ఆర్పి ఆ చీకట్లోకి చూస్తూ కూర్చున్నాను. ఏళ్ళ తరబడి ఈ చీకటిని తిట్టుకున్నాను. ఇప్పుడు కళ్ళు తీయబుద్ధి కావడం లేదు. కంటికి ఆనించుకున్న చోట తడి తగిలింది, తుడిచాను, మళ్ళీ తడిసింది.

హడావుడి తలుపు దగ్గరికొచ్చాడు. "వచ్చిందా అక్కా?"

"రాలేదు."

"అయ్యో." అతని మొహం వాడిపోయింది. దగ్గరికొచ్చి కళ్ళు ఆనించాడు. లైటు వేసి చూశాడు, ఆర్పి చూశాడు. పక్క ప్లేటు పెట్టి చూశాడు. అప్పుడు నావైపు తిరిగాడు. పక్కనున్న స్టూలు లాక్కుని మెల్లగా కూర్చున్నాడు.

పెద్దాయనకి చెబితే, "అయితే మళ్ళీ మొదటికొచ్చామన్నమాట" అన్నారు. "అవును సార్" అన్నాను. ఆయన మోకాలు రుద్దుకుంటూ నవ్వారు. మళ్ళీ కొవ్వు మోతాదులు, మళ్ళీ జన్యువు మోతాదులు, మళ్ళీ చీకటి. ఆ కణాలు కూడా ఎప్పుడో ఒకప్పుడు ముసలివై ఆగిపోతాయి. ఈలోగా మింగుతాయో లేదో ఎవరు చూడొచ్చారు. పోలిక పరీక్ష ఫలితం మర్నాటికి గానీ రాలేదు. వచ్చింది, సగం తల్లిదే. కానీ చీకటి చూసిన ఆ సాయంత్రం ఇంట్లో చెప్పడానికి నాకు దాని అవసరం లేకపోయింది.

గుమ్మంలో చెప్పులు విడిచాను. అత్తగారు వంటింట్లోంచి "వచ్చావా" అంది. నేను వంటింటి దాకా వెళ్ళి నిలబడ్డాను.

"తిన్నాడత్తయ్యా."

ఆవిడ చేతిలో గరిటె ఆగింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఈసారి తొందరపడి నమ్మే ఉద్దేశం ఆవిడకి లేదు. "ఏం తిన్నాడు?" అంది.

"పైనున్న కొవ్వంతా తిన్నాడు. లోపల పెట్టింది మాత్రం తీసుకోలేదు."

"ఒక్కటీనా?"

"ఒక్కటీ లేదు. ప్లేటంతా వెతికాను."

ఆవిడ స్టవ్ కట్టేసింది. కుర్చీ కోసం చేత్తో తడుముకుని కూర్చుంది. అడగడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసి, మళ్ళీ తెరిచింది.

"ఉమ్మేశాడా?"

"ఉమ్మేశాడు."

"అయితే వాడే," అంది మా అత్తగారు, రెండు చేతుల్లో మొహం దాచుకుని.